ఇచ్చి ఇచ్చి అలిసిన ఒంటికి చీగాంగ్: ఎంత చెయ్యాలి, ఏవి వదిలెయ్యాలి

అడిగిన సంగతి క్లుప్తంగా ఇదీ: అనంతపురంలో ప్రైవేటు బడి టీచరు, వయసు 46. అత్తగారికి పక్షవాతం వచ్చి మంచంలో ఉన్నారు, రాత్రి రెండు మూడుసార్లు లేవాలి. పిల్లల చదువులు, బంధువుల ఫోన్లు, ఎవరికేం కావాలన్నా ఈమే. సత్తువ తిరిగి రావాలని యూట్యూబ్ చూసి రోజూ గంటసేపు చీగాంగ్ (చైనావాళ్ల శ్వాస, కదలికల సాధన, కొందరు క్విగాంగ్ అని రాస్తారు) మొదలుపెడితే తల బరువెక్కింది, కళ్లు తిరుగుతున్నాయి, ఉన్న నిద్ర కూడా పోయింది. ఆపెయ్యాలా? ఇవ్వడమే తప్ప తీసుకోవడం చేతకాని మనిషికి ఇందులో ఏమైనా దారి ఉందా?

ఆపక్కర్లేదమ్మా. కానీ ఇప్పుడు చేస్తున్నట్టు మాత్రం చెయ్యకండి. గంటను మొదట పన్నెండు నిమిషాలకు దించండి. భంగిమల్లో సగానికి పైగా తీసెయ్యండి. అలిసిపోయిన మనిషి చీగాంగ్ చేసేది బలం సంపాదించడానికి కాదు, ముందు ఖర్చు తగ్గించుకోవడానికి. ఈ తేడా తెలియక చాలామంది సాధనను కూడా ఇంకో డ్యూటీ చేసుకుంటారు.

సాధన కంటే ముందు రక్తపరీక్ష. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాముల లోపు ఉంటే ఏ శ్వాస సాధనా ఒంట్లో ఇనుమును పుట్టించదు. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్ (టీఎస్‌హెచ్), బీ12, విటమిన్ డి, మూడు నెలల షుగరు సగటు (హెచ్‌బీఏ1సీ), కూర్చున్నప్పుడూ నిలబడ్డప్పుడూ బీపీ చూపించుకోండి. మీ వయసులో నెలసరి ఎక్కువగా పోతుంటే అది విడిగా డాక్టరుకు చెప్పాల్సిన సంగతి. ఐరన్ మాత్రలు రాస్తే టీతో వేసుకోకండి, మాత్రకూ టీకీ కనీసం గంట ఎడం ఉండాలి. కాల్షియం మాత్ర వేరే పూట వేసుకోవాలి. హిమోగ్లోబిన్ సరైన అంకెకు వచ్చాక కూడా సాధారణంగా ఇంకో మూడు నెలలు వాడమంటారు, ఎందుకంటే ఒంట్లో నిల్వలు ఆ తర్వాతే నిండుతాయి. ఒంట్లో బాగుందని మధ్యలో మానేసేవాళ్లు కొన్నాళ్లకు మళ్లీ మొదటికే రావచ్చు. మెట్లెక్కితే ఆయాసం, ఛాతీలో నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే ఇది చదవడం ఆపి డాక్టరు దగ్గరకు వెళ్లండి. బతకాలనిపించని రోజులుంటే 14416కు ఫోన్ చెయ్యండి. అది టెలి మానస్, కేంద్ర ప్రభుత్వ ఉచిత లైను, తెలుగులోనూ మాట్లాడొచ్చు.

ఇక మీకు వికటించిన కారణాలు. చైనా ప్రాచీన వైద్యంలో అయిదు అరుగుదళ్ల లెక్క ఒకటుంది: అదే పనిగా చూస్తే రక్తం, పడుకుంటే చీ (ప్రాణశక్తి), కూర్చుంటే కండ, నిలబడితే ఎముక, నడిస్తే స్నాయువులు దెబ్బతింటాయని. ఏదీ చెడ్డది కాదు, అతిగా చేసిందే దెబ్బ తీస్తుంది. మీరు బడిలో అయిదారు పీరియడ్లు నిలబడే పాఠం చెప్తారు. ఇంటికొచ్చి మళ్లీ గంట నిలబడ్డారు. కాళ్లలోకి దిగిన రక్తం పైకి రావడానికి పిక్కలు కదలాలి. మోకాళ్లు బిగించి కదలకుండా నిలబడితే మెదడుకు వెళ్లే రక్తం తగ్గి కళ్లు తిరుగుతాయి. ఖాళీ కడుపు, తక్కువ బీపీ తోడైతే పడిపోతారు కూడా.

రెండోది ఊపిరి. వీడియోలో "లోతుగా పీల్చండి" అన్నారని పెద్ద పెద్ద శ్వాసలు తీసి ఉంటారు. అవసరానికి మించి పీల్చి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. వేళ్లు జుమ్ముమంటాయి, తల తేలిపోతుంది. దాన్ని శక్తి ప్రవాహం అనుకుని ఇంకా గట్టిగా పీల్చేవాళ్లున్నారు. శ్వాస నెమ్మదిగా, చిన్నగా, పక్కన కూర్చున్నవాళ్లకు వినబడకుండా ఉండాలి. బిగబట్టడం అసలు వద్దు. మీకు ప్రాణాయామం అలవాటుంటే కపాలభాతి, భస్త్రిక, కుంభకం ఇదే పూటలో కలపకండి.

మూడోది దృష్టి. కళ్లు మూసుకుని నుదుటి మీదో నడినెత్తి మీదో మనసు పెడితే, అసలే ఆలోచనలతో వేడెక్కిన తలకు అది ఇంకాస్త బరువు. చీగాంగ్ అతిగా చేసి, లేనిపోని ఊహలతో చేసి మతి చలించినవాళ్ల గురించి చైనా వైద్యులే రాశారు. అమెరికా మానసిక వైద్యుల 1994 నాటి రోగ నిర్ణయ పుస్తకంలోనూ దాని ప్రస్తావన ఉంది. భయపెట్టడానికి చెప్పడం లేదు. తల బరువు, నిద్ర పట్టకపోవడం దానికి తొలి హెచ్చరికలు కావచ్చు కాబట్టే గంట వద్దంటున్నాను. సాధనలో ఒళ్లు దానంతటదే ఊగడం మొదలైతే కళ్లు తెరిచి, నాలుగడుగులు నడిచి, ఆ రోజుకు ఆపెయ్యండి.

మన వైపు బోర్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. నీళ్లు ఊరే వేగం కన్నా ఎక్కువసేపు ఆడిస్తే నీళ్లు పెరగవు, మోటారు కాలుతుంది. చైనా వైద్యం లెక్క కూడా దాదాపు ఇదే: పుట్టుకతో వచ్చిన మూలశక్తి కొంత మూత్రపిండాల్లో నిల్వ ఉంటుంది, రోజువారీ శక్తి తిండి నుంచి, ఊపిరి నుంచి వస్తుంది, రోజుది చాలకపోతే ఒళ్లు నిల్వలోంచి తోడుకుంటుంది. చీ అనేదాన్ని ఏ పరికరమూ కొలవలేదు. దాన్ని నమ్మాలా వద్దా అన్నది మీ ఇష్టం. అయితే నిద్ర, తిండి, నెమ్మది శ్వాస, ఆ తర్వాతే కదలిక అన్న వరస నమ్మకంతో పని లేకుండానే పనికొస్తుంది.

ఇప్పుడు పన్నెండు నిమిషాల సాధన.

పాదాలు భుజాల వెడల్పున, సమాంతరంగా పెట్టండి. బరువు మడమకూ ముందు పాదానికీ సమంగా పడాలి. మోకాళ్లు వంచక్కర్లేదు, బిగువు వదిలితే చాలు. నడుము కింది భాగం వేలాడినట్టు వదలండి. గడ్డం కాస్త లోపలికి. చంకలో నిమ్మకాయ పట్టేంత సందు. చేతుల్ని వీడియోల్లోలా ఛాతీ ఎత్తున గుండ్రంగా పట్టుకోకండి, అది భుజాల సత్తువ తినేస్తుంది. రెండు అరచేతులూ బొడ్డుకు మూడు వేళ్ల కింద పొట్ట మీద ఆనించండి. కళ్లు సగం తెరిచి ఉండాలి, మనసు అరికాళ్ల మీద. ఈ నిలబడే సాధనను ఝాన్ ఝువాంగ్ అంటారు. మొదటి వారం మూడు నిమిషాలు, తర్వాత వారానికి ఒక్కో నిమిషం, పది దాటొద్దు. కాళ్లు వణికితే ఎక్కువ వంగారన్నమాట. బడిలో బాగా నిలబడ్డ రోజు ఇదే కుర్చీ అంచున కూర్చుని, పాదాలు నేలకు పూర్తిగా ఆనించి చెయ్యండి. ఫలితమేమీ తగ్గదు.

తర్వాత చేతులు లేపి దించడం. పీలుస్తూ రెండు చేతులూ ముందునుంచి ఛాతీ ఎత్తుకు, వదులుతూ కిందికి. లేపడానికి నాలుగు సెకన్లు, దించడానికి అయిదారు. ఎనిమిదిసార్లు చాలు. నిమిషానికి ఆరు శ్వాసల దరిదాపుకు వస్తారు. ఆ వేగంలో గుండె లయ, రక్తపోటు ఒకదానికొకటి సర్దుకుంటాయి. మొదట్లో అంత నెమ్మదిగా రాకపోతే వచ్చినంతే చెయ్యండి, ఊపిరి కోసం ఎగశ్వాస వద్దు.

మీరు చూసింది బహుశా బా దుఆన్ జిన్ అయి ఉంటుంది, ఎనిమిది భంగిమల వరస. 2003లో చైనా ఆరోగ్య చీగాంగ్ సంఘం ప్రామాణికం చేసిన నాలుగు వరసల్లో అదొకటి, చక్కటి వరసే. కానీ మీకు ఇప్పుడు అందులో మూడే కావాలి: ఒకటి, మూడు, నాలుగు. మొదటిదానికి వేళ్లు జోడించి అరచేతుల్ని పొట్ట దగ్గరనుంచి లేపి, ఛాతీ దగ్గర తిప్పి, ఆకాశాన్ని ఎత్తినట్టు పైకి నెట్టండి. వదులుతూ చేతులు పక్కలనుంచి దించండి. వీడియోలో తలెత్తి పైకి చూస్తారు, మీరు ఎదురుగానే చూడండి, లేకపోతే కళ్లు తిరుగుతాయి. మూడోదానికి ఒక అరచెయ్యి పైకి, ఇంకోటి తుంటి పక్కన కిందికి నొక్కాలి. ఇది కడుపుకు, జీర్ణానికి అంటారు. నాలుగోది సరిగ్గా మీలాంటివాళ్ల కోసమే: 'అయిదు అరుగుదళ్లు, ఏడు దెబ్బలు' పోవడానికి వెనక్కి చూసే భంగిమ. చేతులు పక్కన వేలాడదీసి, అరచేతులు బయటికి తిప్పి, ఛాతీ విప్పుకుంటూ తల మాత్రమే మెల్లగా పక్కకు తిప్పాలి. భుజాలు తిరగకూడదు. కళ్లు తిరగడం పూర్తిగా తగ్గేదాకా సగం దూరమే తిప్పండి, మెడ ఎముకల అరుగుదల ఉంటే ఎప్పటికీ సగమే. మొదటిది ఆరుసార్లు, మూడోదీ నాలుగోదీ పక్కకు మూడేసిసార్లు. ఏదైనా మీ శక్తిలో 70 శాతం దగ్గర ఆగాలి. పూర్తిగా సాగదీసి ఆయాసపడితే అది మీకు లెక్కలోకి రాదు.

బాణం లాగే రెండోది, పిడికిలి బిగించి కళ్లెర్రజేసి గుద్దే ఏడోది ఇప్పుడు వద్దు. రెండూ శక్తిని బయటికి తోసేవి. ఖాళీ అయిన మనిషికి అవి పనికిరావు. అయిదోది లోతుగా కూర్చుని నడుము తిప్పేది, ఆరోది ముందుకు వంగి పాదాలు పట్టుకునేది. నడుము నొప్పి, బీపీ, తలతిరుగుడు ఉన్నవాళ్లు ఆ రెంటి జోలికి పోకూడదు.

ముగింపు అందరూ వదిలేసే భాగం. నా దృష్టిలో సాధనలో సగం విలువ ఇక్కడే ఉంది. అరచేతులు వేడెక్కేలా రుద్ది నడుము మీద, చివరి పక్కటెముకకూ తుంటికీ మధ్య, పైకీ కిందికీ 36 సార్లు రుద్దండి. తర్వాత చేతులు మళ్లీ పొట్ట మీద పెట్టుకుని మూడు నిమిషాలు ఏమీ చెయ్యకుండా ఉండండి. ఆవులింతలు, కడుపులో గుడగుడ, కళ్లలో నీళ్లు వస్తే రానివ్వండి, ఒళ్లు సడలుతోందన్నమాట. వెంటనే ఫోన్ పట్టుకోవద్దు. చల్లనీళ్ల స్నానం అరగంట ఆగి.

ఎక్కడ, ఎప్పుడు అన్నది మన ఊళ్లలో చిన్న సంగతి కాదు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఆరులోపే మిద్దె మీద చెయ్యండి. సాయంత్రం మిద్దె మంచిదనుకుంటారు కానీ పగలంతా కాగిన కప్పు ఎనిమిదింటిదాకా కింది నుంచి సెగ కొడుతుంది, నీరసంగా ఉన్నవాళ్లకు అది చాలు పడిపోవడానికి. గాలిమరలను తిప్పే ఆషాఢం గాలిలో ఆరుబయట వద్దు, దుమ్ము ఊపిరిలోకి పోతుంది, చెమటపట్టిన మెడ పట్టేస్తుంది. గదిలో కిటికీ తెరిచి చెయ్యండి. చలికాలంలో కడప బండల మీద వట్టికాళ్లతో నిలబడితే పిక్కలు బిగుసుకుంటాయి, చాపో దుప్పటో వేసుకోండి. పొద్దున సగం గ్లాసు గోరువెచ్చని నీళ్లు తాగి మొదలుపెట్టండి. మరీ నీరసమైతే ఒక ఖర్జూరమో చిన్న బెల్లం ముక్కో నోట్లో వేసుకోండి, షుగరు లేకపోతేనే. రాత్రి తొమ్మిది తర్వాత నిలబడే భాగం మానేసి ముగింపు ఒక్కటే పడుకుని చెయ్యండి.

ఈ నిలబడే తీరు అత్తగారి దగ్గర వెంటనే పనికొస్తుంది. మీ సత్తువలో పెద్ద వాటా ఆమెను పక్కకు తిప్పడంలోనే పోతుంది. వంగి చేతులతో లాగకండి. అవతలి వైపు మోకాలు మడిచి పెట్టి, ఒక చెయ్యి భుజం వెనక, ఒకటి తుంటి వెనక వేసి, మీ ముందు కాలి మీది బరువును వెనక కాలికి మారుస్తూ మీ వైపు దొర్లించండి. ఆ బరువు మార్చేటప్పుడు ఊపిరి వదలాలి. పక్షవాతం వచ్చిన చెయ్యి పట్టుకుని ఎప్పుడూ లాగొద్దు, భుజం కీలు జారుతుంది. మంచం పైకి జరపాలంటే ఆమె కింద మడతపెట్టిన దుప్పటి వేసి ఇద్దరు చెరోపక్క పట్టుకోవాలి. ఒక్కరే చేసే పని కాదది.

ఆ రెండో మనిషి ఎవరన్నదే మీ రెండో ప్రశ్నకు మొదలు.

ఒక వారం పాటు నోటు పుస్తకంలో మూడు వరసలు రాయండి. ఇచ్చినవి: టైము, డబ్బు, పరుగు, ఒకరి ఏడుపు ఓపిగ్గా వినడం. తీసుకున్నవి. మూడోది, ఎవరో ఇవ్వబోతే మీరు వద్దన్నవి. పెళ్లి చదివింపులు పైసాతో సహా రాసుకునే ఇళ్లలో కూడా ఈ మూడో లెక్క ఎవరూ రాయరు. "నేను చూసుకుంటాలే", "మీకెందుకు శ్రమ", "అలవాటైపోయింది" అన్న మాటలన్నీ అక్కడికే వస్తాయి. తమకు ఎవరూ ఏమీ ఇవ్వడం లేదనుకునేవాళ్లలో చాలామందికి వచ్చేది వస్తూనే ఉంటుంది, వాళ్లు గడప దగ్గరే తిప్పి పంపుతారు.

ఒంటితో దీన్ని నేర్చుకోవడానికి చిన్న అభ్యాసం ఉంది. పొట్ట ఎత్తున రెండు అరచేతులు ఎదురెదురుగా పెట్టి, పీలుస్తూ భుజాల వెడల్పుకు విప్పండి, వదులుతూ జానెడు దూరానికి దగ్గర చెయ్యండి. తొమ్మిదిసార్లు. బాగా అలిసినవాళ్లు వదిలే భాగం హాయిగా చేస్తారు, పీల్చే భాగం సగంలో తెంచేస్తారు, లేదా భుజాలెత్తి లాక్కుంటారు. లాక్కోకండి. వదలడం పూర్తయ్యాక అర క్షణం ఆగితే గాలి దానంతటదే వస్తుంది. అది వచ్చేదాకా ఓపిక పట్టడమే ఇక్కడి పని. చేతులు లేపి దించేదాని తర్వాత దీన్ని కలపండి, నిమిషంన్నర పడుతుంది.

ఇంట్లో దీనికి సరిపడే పనులు చెప్తాను. మొదటిది నిద్ర. రోజూ ఒక మనిషి రాత్రి పది నుంచి రెండున్నర దాకా అత్తగారి బాధ్యత తీసుకోవాలి: మీవారో, పెద్ద పిల్లవాడో, ఆడపడుచు వచ్చిన రోజు ఆమో. నాలుగున్నర గంటలు తెగకుండా నిద్రపోతే వచ్చేది ముక్కలైన ఏడు గంటల్లో రాదు. ఎవరూ లేకపోతే వారానికి రెండు రాత్రులకైనా మనిషిని పెట్టుకోండి. "కాస్త సాయం చెయ్యండి" అని అడిగితే ఎవరికీ ఏం చెయ్యాలో తెలియదు. "ఆదివారం పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా అత్తమ్మ దగ్గర కూర్చోండి, పదింటికి మందు, మధ్యలో ఒకసారి పక్కకు తిప్పాలి" అనండి. వాళ్లు మీరు చేసినట్టు చెయ్యరు. దుప్పటి మడత వంకర ఉంటుంది. పుండు పడే పొరపాటైతే చెప్పండి, మడత వంకరైతే చూడకుండా వెళ్లిపోండి.

తిండి. అందరికీ వడ్డించి, చివర చల్లారిన సంగటి, అడుగంటిన పప్పు మీ వంతు కాకూడదు. ఒక పూటైనా అందరితో కలిసి, వేడిగా. ఆకుకూర పప్పులో నిమ్మరసం పిండుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. పొద్దున ఉగ్గాని తిని బడికి పరుగెత్తే రోజు గుప్పెడు శెనక్కాయలు వెంట పెట్టుకోండి, మధ్యాహ్నం దాకా కడుపు నిలుస్తుంది.

పక్కింటివాళ్లు గిన్నెలో కూర పంపితే ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని మనం ఆ సాయంత్రమే ఏదో ఒకటి వండి నింపి పంపుతాం. మంచి ఆచారమే. కానీ వచ్చిన ఆసరా ఆ సాయంత్రమే కొత్త పని అయిపోతుంది. రెండు నెలలపాటు గిన్నె కడిగి, అడుగున ఇంత చక్కెర వేసి, నాలుగు రోజుల తర్వాత ఇవ్వండి. ఆ నాలుగు రోజులు మనసు గుచ్చుతుంది, అప్పున్నట్టు అనిపిస్తుంది. ఆ గుచ్చుడును తట్టుకోవడమే అభ్యాసం.

ఎవరైనా ఏదైనా అడిగితే మూడు శ్వాసలు వదిలాక నోరు విప్పండి. "రేపు చెప్తా" అనేది కూడా జవాబే. అయితే ఒక్కసారిగా అందరికీ అన్నీ మానెయ్యకండి. అలా చేసినవాళ్లు పది రోజుల్లో తప్పు చేసినట్టనిపించి రెట్టింపు నెత్తినేసుకుంటారు. నెలకు ఒక్క పని దించండి. గంటసేపు గోడు వెళ్లబోసుకునే బంధువు ఫోనుకు ఇరవై నిమిషాలు పెట్టండి. ఆ ఫోను తర్వాత లోపల కోపం మిగిలితే కూర్చుని, పెదాలు దగ్గర పెట్టి "ష్యూ" అని మెల్లగా ఆరుసార్లు ఊపిరి వదలండి. చీగాంగ్‌లోని ఆరు శబ్దాల పద్ధతిలో అది కాలేయానికి, కోపానికి చెప్పిన శబ్దం. పెద్దగా అరవక్కర్లేదు.

ఎవరో మీ శక్తి లాగేస్తున్నారని, డబ్బిస్తే దూరం నుంచి చీ పంపుతామని, మాత్రలు మానెయ్యమని చెప్పేవాళ్ల దగ్గరకు వెళ్లకండి. థైరాయిడ్, బీపీ, షుగరు మందులు ఏ సాధన కోసమూ ఆపకూడదు.

ఎప్పటికి తేలుతుందంటే, పాత గురువులు పునాదికే వంద రోజులు అనేవాళ్లు. తల బరువు తగ్గడం, నిద్ర కుదరడం మాత్రం ముందే కనబడాలి, రెండు మూడు వారాల్లో. సాధన అయిన వెంటనే ఎలా ఉందని చూడకండి, అప్పుడు అందరికీ బాగానే ఉంటుంది. సాయంత్రం నాలుగింటికి, మర్నాడు లేవగానే ఎలా ఉందో చూడండి. మర్నాడు ఇంకా నీరసంగా ఉంటే సగానికి తగ్గించండి. జ్వరం ఉన్నప్పుడు మానెయ్యండి, నెలసరి ఎక్కువగా ఉన్న రోజుల్లో కూర్చునే చెయ్యండి. వరసగా రెండు వారాలు సాయంత్రం నాలుగు దాటాక కూడా ఓపిక మిగులుతుంటే అప్పుడు మడమలు లేపి దించే ఎనిమిదోది కలపండి, ఏడుసార్లు, మడమల్ని నేలకు ధబాలున కొట్టకుండా. ఇంకో నెలకు బాణం లాగేది. పిడికిలి బిగించేది అన్నింటికన్నా చివర, అదీ అత్తగారికి రాత్రి చూసే మనిషి కుదిరిన తర్వాతే.